మెదడు తిన్న పులస

చాలా ఏళ్ళుగా నా గొంతులో ఒక ముల్లు దిగబడి ఉంది. ఎక్స్‌రేలో కనపడదు. మీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ముందే ఒప్పుకుంటున్నాను, ఈ వ్యవహారంలో అందరికన్నా వెర్రివాణ్ణి నేనే. తణుకులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేవాణ్ణి. నాలుక కబురు మోస్తుందంతే, రుచి తేల్చేది మెదడేనని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. అలాంటి మెదడు నాకూ ఒకటుందని మరిచిపోయాను.

ఒక ఏడాది వరదల రోజుల్లో నా భార్య సుశీల అన్నగారు రామచంద్రపురం నుంచి భోజనానికి వస్తున్నారు. ఆమె వంటను ఆయన ఎన్నడూ మెచ్చలేదు. ఆమెకున్న దిగులల్లా అదే. పులస తెమ్మంది. నాకు దొరకలేదు. ఉత్త చేతులతో వెళ్ళలేక సముద్రపు ఇలస కొని, పులసేనని చెప్పాను. రెండూ ఒకే జాతి. గోదావరికి ఎదురీది వస్తే పులస, సముద్రంలో ఉండిపోతే ఇలస. శాస్త్రం నా పక్షాన ఉందనుకున్నాను.

బావగారు మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నారు.

"ఇదండీ గోదారి రుచంటే! అచ్చం అమ్మ చేతి పులుసే, చెల్లాయ్!"

"నిజంగానా అన్నయ్యా?"

"కాకపోతే మళ్ళీ వేయించుకుంటానా ఏంటి? మీరేంటండి బావగారూ, అలా కెలుకుతున్నారు? పాఠాలు చెప్పే నోటికి పులస ఎక్కదులెండి!"

నిజంగానే ఎక్కలేదు. చప్పగా తోచింది. పేరు విని ఆయన మెదడు మురిసిందని లోలోపల నవ్వుకున్నాను. ఆ తర్వాత సుశీల ఆ మెప్పును తలుచుకుని పొంగిపోయినప్పుడల్లా "ఊఁ" అని ఊరుకున్నాను. అది పేరుకొచ్చిన మెప్పేగాని నీకొచ్చింది కాదులే అనుకునేవాణ్ణి. ఎంత పొగరు! పులసని విని ఆయన మెదడు ఉబ్బిపోతే, ఇలసని తెలిసి నా మెదడు ముడుచుకుపోలేదా? ఆమె చేతి రుచిని ఆ పూట పోగొట్టుకున్నది నేను కాదా?

మొన్నటి వానాకాలం, బావగారు మళ్ళీ భోజనానికొచ్చిన రోజున, అసలు పులస దొరికింది. ఆయన నాలుకను పరీక్షిద్దామని ఇంట్లో ఇలస అని చెప్పాను. బావగారు ఒక ముక్క తుంచి, కంచం చివరకు నెట్టారు.

"సముద్రపుది సముద్రపుదేనండి. ఆ ఉప్పు వాసన ఎక్కడికి పోతుంది?"

సుశీల చిన్నబుచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"నీకేం తెలీదూరుకో అన్నయ్యా. ఇంత బాగా నాకెప్పుడూ కుదరలేదు."

పేరుకు లొంగని నాలుక ఇన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది! ఎంత గర్వపడ్డానో! ఆమెను క్షమాపణ అడగలేదు. అడిగితే అన్నగారి ఆ పాత మెప్పు చెడిపోతుంది. అందుకే మీకు చెప్పుకున్నాను, ముల్లు కొంచెం కదిలింది.

ఆ పూట బావగారికి ఇంకాస్త పప్పు వడ్డించి, పులుసు కుండను మా ఆలుమగల మధ్యకు జరుపుకున్నాను.