మేము చెప్పించిన సాక్ష్యం

తొంభైల మొదట్లో మా స్త్రీల ప్రార్థన కూడికకు ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి ఒక చెల్లెలు వచ్చేది. సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీన్లలో, సంత సీన్లలో గుంపులో నిలబడేది. ఆమెకు క్యాన్సర్ బాగా ముదిరిందని, ఇక నొప్పి తెలియకుండా చూసుకోవడమేనని చెప్పి డాక్టర్లు మార్ఫిన్ మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు.

మేము ఒప్పుకోలేదు. మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాం. నాలుగోనాడు ఆమె లేచి కూర్చుని గంజి తాగింది. అంతే, ఆ ఆదివారమే ఆటోలో సంఘానికి తీసుకువెళ్లి సాక్ష్యం చెప్పించాం. "దేవుడు నన్ను బాగుచేశాడు" అని ఆమె అనగానే స్తోత్రాలతో హాలు మారుమోగింది. మైకు ఆమె నోటి దగ్గర పట్టుకున్నది నేనే.

తరువాత ప్రతి బుధవారం ఆమె ఇంట్లోనే కూడుకున్నాం. తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, గోడకు ఆనుకుని నవ్వుతూ కూర్చునేది. మేము పాడితే చప్పట్లు కొట్టేది.

ఒక బుధవారం నేను అందరికంటే గంట ముందు వెళ్లాను. ఆమె నేలమీద ముడుచుకుపోయి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఉంది.

"మాత్ర వేయలేదా తమ్ముడూ?" అన్నాను ఆమె భర్తతో. అతను స్టూడియోలో లైట్‌మేన్.

"యాడ మింగుతదక్కా? బాగైనోళ్లకు గోలీలేందంటది. సాక్ష్యం చెప్పినకాడికెల్లి ఒక్కటి ముట్టలే. మీరొస్తరంటే పొద్దుగాల్నుంచే మేకప్ షురూ."

ఆమె తువ్వాలు తీసి నవ్వబోయింది. "ఇన్నేళ్లూ ఒక్క డైలాగ్ ఇవ్వలేదక్కా ఎవరూ. మీరే ఇచ్చారు."

మాత్ర ఇవ్వబోతే నా చెయ్యి తోసేసింది. "అందరికీ నిజం చెప్పండి, అప్పుడు మింగుతాను. అబద్ధంతో ఆయన దగ్గరికి ఎలా వెళ్లనక్కా?"

చిన్నప్పటి నుంచి వాక్యం చదివినదాన్ని. ప్రభువు సిలువమీద బిగ్గరగా కేక వేశాడని పిల్లలకు నేర్పినదాన్ని. ఆ కేకను ఆరాధించే మేము ఈమెను మూలగనివ్వలేదు.

గంట తర్వాత అందరూ వచ్చారు. పాట ఎత్తుకోబోతుంటే ఆపాను. "చెల్లెలు బాగుపడలేదు. చనిపోతోంది. ఆ సాక్ష్యం మనం చెప్పించాం. దానికోసం మందు మానేసి ఇన్నాళ్లూ బాధ దిగమింగుకుంటోంది."

"అవిశ్వాసపు మాటలేంటమ్మా?" అంది మాలో పెద్దావిడ. "దేవుడి మహిమను వెనక్కి తీసుకుంటావా?"

"అక్క చెప్పింది నిజమేనండీ," అంది చెల్లెలు. అరచెయ్యి నా వైపు చాపింది.

మాత్ర పెట్టాను. అది పనిచేయడానికి కొంత సేపు పడుతుంది. అంతవరకూ ఆమె గొంతెత్తి, మా అందరి ముందూ మూలిగింది. పెద్దావిడ పాటల పుస్తకం మూసేసి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.