చాచా ఎడమ కాలు, పాత కారు క్లచ్

మార్కాపురంలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిన కొత్తలో చెప్పుల దుకాణం నడిపే ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చేవాడు. నేను ఆయన్ని చాచా అని పిలిచేదాన్ని. స్కూటర్ మీంచి పడి ఎడమ మోకాలి చిప్ప విరిగింది. ఆపరేషన్ అయ్యాక వ్యాయామాల కోసం వచ్చేవాడు. కాలు ఎత్తమంటే పళ్లు బిగబట్టి మరీ ఎత్తేవాడు. అంత పట్టుదల ఎందుకో తర్వాత తెలిసింది. ఆయన దగ్గర రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఒకటుంది. పలకల వ్యాపారి ఒకాయన అమ్మేస్తుంటే ముచ్చటపడి కొనుక్కున్నాడట. దాని క్లచ్ తొక్కడానికి ఆ కాలు కావాలి.

కాలు బాగుపడింది, రావడం మానేశాడు. కొన్నాళ్లకు భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. కుర్చీలో కూర్చుని ఎడమ కాలిని చేత్తో తడిమి చూపించాడు.

"కాలు చచ్చుబడిందమ్మా," అన్నాడు. "క్లచ్ మీంచి కాలు ఎత్తినాననే అనుకుంటా. బండి కదలదు. అంటే కాలు లేవలేదనే గదా? ఇంతలోకే ఉన్నట్టుండి ముందుకు దూకుతాది. నిన్న బస్టాండు కాడ ఇట్లనే దూకింది. ముందర ఒకామె బిడ్డనెత్తుకోని పోతాంది. కొంచెంలో తప్పింది."

"తాళాలు నేను తీసి పెట్టేసినా," అంది చాచీ. ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది. "రేత్రంతా ఆ బిడ్డ గురించే చెప్తా ఉన్నాడు. అన్నం గూడా సరిగ్గా తిన్లేదు."

ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి కాలు పరీక్షించాను. మోకాలు పైకి ఎత్తమని, నా అరచేత్తో కిందికి అదిమాను. నా చెయ్యే లేచింది. పాదం, వేళ్లు, స్పర్శ అన్నీ చూశాను. మెట్లెక్కేటప్పుడు నొప్పి తప్ప ఆ కాలికి ఏ లోటూ లేదు. అయినా ఆయన నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి చెప్తున్నావులే అన్నట్టు చూశాడు.

"చాచా, నీ కాలు పైకి రాలేదా, పెడల్ పైకి రాలేదా?"

"రెండూ ఒకటే గదమ్మా," అన్నాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. పక్క సందులో పట్టా కప్పిన కారు ఉంది. సీటు ఎంత కిందికి ఉందంటే, కూర్చుంటే కాళ్లు లోపలికి చాపుకోవాలి. పాదాలు కంటికి కనపడవు. ఇంజన్ ఆపి ఉండగా క్లచ్ తొక్కి వదిలాను. పెడల్ చక్కగా పైకి వచ్చింది.

"చూసినావా, బండికేం రోగంల్యా," అన్నాడు నీరసంగా.

చాచీని అడిగి తాళాలు తీసుకుని, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తర్లుపాడు రోడ్డు పట్టాను. మొదట్లో బాగానే నడిచింది. ఇంజన్ బాగా వేడెక్కాక, ఎవరూ లేని చోట ఆపి, మళ్లీ గేరు వేసి కాలు తీశాను. బండి కదల్లేదు. వంగి చూశాను. నా పాదం గాల్లో ఉంది, పెడల్ మాత్రం కిందే ఉండిపోయింది.

"చాచా, ఒకసారి నా కాలు చూడు."

ఆయన కష్టపడి వంగాడు. సరిగ్గా అప్పుడే పెడల్ టక్కున పైకి లేచింది. బండి ఒక్క దూకు దూకి ఆగిపోయింది. ఆయన నా పాదాన్నీ, పెడల్‌నీ మార్చి మార్చి చూశాడు.

"నీ కాలికి గూడా అయిందా అమ్మా?" అన్నాడు. అన్నాక నవ్వొచ్చింది ఆయనకు. ఇద్దరం రోడ్డు మధ్యలోనే నవ్వుకున్నాం. ఆయన నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బండి చల్లారక ముందే మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్ ముందు క్లచ్ ప్లేటు పోయిందేమో అన్నాడు. తర్వాత పెడల్ నుంచి గేరుబాక్సు దాకా పోయే కేబుల్‌ను రెండు చివర్లా విప్పి, ఒక్కొక్కటిగా చూశాడు. పెడల్ తేలిగ్గా ఊగింది. గేరుబాక్సు దగ్గర క్లచ్‌ను కదిపే కడ్డీ కూడా బిగుసుకోలేదు. కేబుల్ గొట్టంలోని తీగను లాగితే మాత్రం రాలేదు.

"పట్టుకునింది ఇదే," అన్నాడు. కేబుల్‌ను పట్టి ఉంచే క్లిప్పు విరిగి, కేబుల్ జారి సైలెన్సర్ పైపుకు ఆనుకుంది. వేడికి గొట్టం లోపలి ప్లాస్టిక్ మెత్తబడి తీగను పట్టేస్తోంది. చల్లారితే వదిలేస్తోంది.

ఆ పాత బండికి కేబుల్ ఎక్కడా దొరకలేదు. చివరికి పొదిలిలో ట్రాక్టర్లకు కేబుళ్లు చేసే ఆయనతో కొత్తది చేయించారు. మెకానిక్ దాన్ని పైపుకు దూరంగా కట్టాడు.

తర్వాతి శుక్రవారం వాళ్లిద్దరూ కారులో క్లినిక్‌కు వచ్చారు. చాచీ అంతకు ముందెప్పుడూ అందులో ఎక్కలేదట. ఆమె సులువుగానే దిగింది. ఆయన మాత్రం మోకాలు పట్టేసి ఆ కింది సీట్లోంచి లేవలేకపోయాడు.

"ఇది మాత్రం నీ కాలేనయ్యా," అంది చాచీ, చెయ్యి అందిస్తూ.

నేను బయటికి వెళ్లి, ముందు రెండు కాళ్లూ కలిపి బయటికి తిప్పి, తర్వాత డోరు పట్టుకుని లేవడం నేర్పాను. ఆయన మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. ఈసారి చాచీ చెయ్యి వద్దన్నాడు.