పడుగు కింద నది

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది, చివరికి నా డైరీలో కూడా రాసుకోనిది ఒక సంగతి ఉంది. కృష్ణ ఒడ్డున, బ్యారేజీకి దిగువన నిలబడ్డ ఆ గ్రంథాలయాన్ని చూసి ‘ఎంత చక్కటి ఊహ’ అని ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకుని నవ్వి ఊరుకుంటాను గాని, దాన్ని నా చేత గీయించింది భయం. ఈ ఉదయం టీవీలో బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారని చెబుతుంటే చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది, ఆ పాత భయం వచ్చి మళ్ళీ నా పక్కనే కూర్చుంది.

మాది మంగళగిరిలో నేత ఇల్లు. ముందుగదిలో గుంట మగ్గం ఉండేది, నాన్న నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేసి పొద్దస్తమానం నేసేవాడు. ఎండాకాలంలో ఆ గుంట చల్లగా హాయిగా ఉండేది, నేను మధ్యాహ్నాలు అందులో దూరి కథల పుస్తకాలు చదువుకునేదాన్ని. వానాకాలం వచ్చిందంటే మాత్రం అదే గుంట మా ఇంటికి శత్రువు. వీధిలో నీళ్ళు కనిపించకముందే గుంట అడుగున ఊట మొదలయ్యేది, అందుకని చినుకు పడగానే నాన్న ‘గుంటలో చెమ్మొచ్చిందేమో చూడమ్మా’ అనేవాడు, ఇంట్లో చిన్నదాన్ని గనక నేనే దిగి మట్టిని అరచేత్తో తడిమి చూడాలి. తడి తగిలితే పైకి చెప్పడానికి నోరు వచ్చేది కాదు. చెప్పానంటే మగ్గం ఆగిపోతుంది, గుంట ఆరేదాకా నాన్న పని లేక గోడకు ఆనుకుని కూర్చుంటాడు.

చదువు అయ్యాక విజయవాడలో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర ఉద్యోగంలో చేరాను. కొన్నాళ్లకు నది ఒడ్డున గ్రంథాలయం కట్టే పని ఆయన చేతికొచ్చింది, చుట్టుపక్కల బతుకుతెరువును గుర్తుచేసేలా ఉండాలని కట్టించే కమిటీవాళ్ళు అన్నారట, సార్ చేనేతను ఎంచుకున్నారు. హాలు మధ్యలో పెద్ద గుంట, దాని అంచున మగ్గం ముందు కూర్చున్నట్టు కాళ్ళు వేలాడేసి చదువుకునే జనం, గుంట అడుగున పిల్లల పుస్తకాలు. ఆఫీసంతా మురిసిపోయింది. నేనూ మురిసిపోయిన మాట నిజమే, ఇంటికెళ్ళే బస్సు వారధి ఎక్కి, కింద నది కనిపించేదాకా. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. గోడలు గట్టిగా కడతాం, నీళ్ళు రావు అని సార్ నమ్మకం. కళ్ళు మూసుకుంటే నా అరచేతికి తడి తగిలేది, ఆ అడుగున పిల్లలు కూర్చుని ఉండేవాళ్ళు. చెబుదామని ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళ కోసం వచ్చినదానిలా వెనక్కి తిరిగేదాన్ని.

నమూనాను కమిటీవాళ్ళకు చూపించే ముందురోజు, అట్టతో చేసిన బుల్లి మనుషులను గుంట అడుగున అతికించే పని నాకు అప్పగించారు. అతికించిన ప్రతి బొమ్మనూ మళ్ళీ ఊడదీసి గుంట అంచుకు చేరుస్తున్నాను. సార్ చూస్తూనే ఉన్నారు.

“ఏంటమ్మా, పొద్దుట్నుంచీ చూస్తున్నా, మింగలేకా కక్కలేకా ఉన్నావ్. నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నావా? చెప్పు!”

ముందున్న కాగితం తిరగేసి మా వీధి గీశాను. మా దగ్గర మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, వీధి పొడుగునా వెదురుకర్రల మీద సాగదీసి గంజి పట్టిస్తారు. ఇరుగుపొరుగంతా వచ్చి చెయ్యి వేస్తారు. దాన్ని ఎవరూ దాటరు, బడికెళ్ళే పిల్లలైనా, పాలవాడైనా వంగి కింద నుంచి వెళ్ళాల్సిందే. ఆ పడుగులాగే స్తంభాల మీదికి లేపిన హాలునూ, దాని కింద నదినీ గీశాను, గుంట గీయలేదు.

“మరి గుంట తీసేస్తే మగ్గం ఎక్కడుందమ్మా ఇందులో?” అన్నారు సార్.

“గుంటలో ఊటొస్తదండి, మా ఇంట్లో ప్రతి వానాకాలం వచ్చేది. పడుగునెవరూ దాటరండి, కింద నుంచి పోతారు. నదిని కూడా అట్టా కింద నుంచి పోనిద్దామండి.”

ఆ ఆఫీసులో నేను గొంతెత్తి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆయన ఆ కాగితాన్ని నమూనా పక్కన పెట్టి చూసి, “రేపు కమిటీ ముందర నన్ను తిట్టించావు పో!” అంటూనే గుంటను నమూనాలోంచి ఊడబీకేశారు. తిట్లు తినలేదు గాని, స్తంభాల మీద లేచిన ఆ నేల ఎత్తు సరిపోతుందో లేదోనన్న బెంగ మాత్రం కట్టినన్నాళ్ళూ, కట్టాక కూడా నన్ను వదల్లేదు.

అందుకే ఈ సాయంత్రం ఆగలేక వెళ్ళాను. ఎర్రటి నీళ్ళు గుర్రపుడెక్కను మోసుకుంటూ స్తంభాల నడుమ నుంచి, ఎవరో వంగి వెళుతున్నట్టుగా పోతున్నాయి. పైన నేల పొడిగా ఉంది. కప్పుకు పడుగు దారాల్లా వరసగా బిగించిన సన్నటి కర్రలను చూపించి ఒక పాప ఇవేంటని వాళ్ళమ్మను అడుగుతుంటే, ఆవిడ ఏదో డిజైన్‌లే అంది. నేను చెప్పబోయి ఆగిపోయాను. మా వీధిలో ఇప్పుడు పడుగు పరిచేవాళ్ళు లేరు, పరిచినా బైకులూ ఆటోలూ ఆగవు. మా ఇంట్లో గుంటను ఇసుకతో పూడ్చి టైల్స్ వేయించాం, దాని మీద దివాన్ కాట్ వేశాం, నాన్న మధ్యాహ్నాలు అక్కడే పడుకుంటాడు. నేను భయపడిన గుంటా లేదు, చదువుకున్న గుంటా లేదు.

అక్కడి నుంచే నాన్నకు ఫోన్ చేశాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని, నీళ్ళు కింద నుంచే పోతున్నాయని చెబితే “పోనీలే, ఇంక అన్నం తిను” అన్నాడు. అంతలో అవతల, మా రేకుల మీద చినుకుల చప్పుడు మొదలైంది. ఫోన్ పెట్టేసే ముందు నాన్న పాత అలవాటున అన్నాడు:

“వాన పట్టింది. గుంటలో చెమ్మొచ్చిందేమో చూడమ్మా.”