పడమర చూసిన మ్యాక్

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకూ ఆ రోజుల్లో అన్నీ తెలుసు. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చింది (చివరి రెండు సబ్జెక్టులు ఎలా గట్టెక్కాయో ఇక్కడ అడక్కండి), ఉద్యోగం మాత్రం రాలేదు. చివరికి నరసరావుపేటలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించే పనికి కుదిరాను. ఆ స్టూడియో యజమానిని ఊరంతా ఫ్లాష్ బాబాయ్ అనేది. ఆ పేరు ఊరికే రాలేదు. రీళ్ల కాలంలో స్టేజీ ఎక్కిన ప్రతి చుట్టానికీ ఫొటో తీస్తే రీళ్లు చాలేవి కావు, తీయకపోతే చుట్టాలు అలిగేవాళ్లు. అందుకని బాబాయ్ కెమెరా కంటికి ఆనించి ఉత్త ఫ్లాష్ మాత్రం కొట్టేవాడట. వాళ్లు నవ్వుతూ నిలబడి, సంతోషంగా దిగి భోజనానికి వెళ్లేవాళ్లు. దాన్ని ఖాళీ ఫ్లాష్ అంటారు. "రీలు పెళ్లికూతురికి, వెలుగు చుట్టాలకి" అనేవాడు బాబాయ్, అదేదో శాస్త్రవాక్యమైనట్టు.

అంతా సవ్యంగానే సాగుతుండగా నకరికల్లు మాస్టారు కూతురి పెళ్లి వచ్చింది. మాస్టారంటే బడిలో లెక్కలు, ఆదివారం చర్చిలో కీర్తనలు చెప్పే పెద్దమనిషి. ఆయన వియ్యాలవారు నడికుడి వాళ్లు. వాళ్లలో ఎవరో "వీడియో మ్యాక్ మీద చేయిస్తున్నారా, మామూలు కంప్యూటర్ మీదనా?" అని అడిగారట. చిలకలూరిపేటలో ఒక స్టూడియో వాడి దగ్గర మ్యాక్ (కొరికిన పండు గుర్తున్న కంపెనీ కంప్యూటరు) ఉంది. మాస్టారు మొహమాటంగా వచ్చి, "మీరంటే అభిమానమే గానీ, అల్లుడి తరఫు వాళ్లు..." అని నసిగారు. బాబాయ్ మొహం వాడిపోయింది. అసలు మ్యాక్ కొనాలంటే స్టూడియో అమ్మాలి. అప్పుడు టీ తాగుతున్న నేను నోరు తెరిచాను. "కొనడం ఎందుకు బాబాయ్? మామూలు విడిభాగాలు కొని, నేనే బిగించి, మ్యాక్‌ని నడిపే సాఫ్ట్‌వేరు, అదే మ్యాక్ ఓఎస్, అందులో ఎక్కిస్తా. గుంటూరులో రెండు చేశాను." ఈ చివరి వాక్యం పచ్చి అబద్ధం. గుంటూరులో నేను చేసింది హాస్టల్లో ఒక వీడియో చూడటం, అదీ సగం. ఆ మాట అంటున్నప్పుడు చెయ్యి వణికి టీ చొక్కా మీద ఒలికింది. బాబాయ్ ఒక్క క్షణం నా చొక్కా వైపు చూసి, "అయితే కానియ్ రా" అన్నాడు. పెళ్లి అయిన తర్వాతి ఆదివారం నడికుడి చర్చి హాల్లో వీడియో వెయ్యాలి. అది కాకపోతే ఆ పని చిలకలూరిపేటకీ, నేను మా ఇంటికీ పోవాలి.

పాత కంప్యూటరు గురజాలలో ఉన్న బాబాయ్ బావమరిదికి వెళ్లిపోయింది. ఇక వెనక్కి దారి లేదు. పెళ్లి కూడా అయిపోయింది, షూటింగ్ అంతా హార్డ్ డిస్కులో కూర్చుని నా కోసం ఎదురుచూస్తోంది. పెట్టెలు కొరియర్‌లో ఒక్కొక్కటే వచ్చాయి: మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ఇనప డబ్బాలాంటి క్యాబినెట్టు. స్టూడియో నడిమధ్య బల్ల వేసుకుని, వీధి తలుపు వైపు క్యాబినెట్టు వీపు పెట్టుకుని (వెలుతురు కోసం, అంతకుమించి కారణం లేదు) బిగించాను. బిగించడం తేలికే. ఎక్కించడమే అయోమయం. ఇంటర్నెట్‌లో ఒకడు ఈ ఫైలు పెట్టమంటాడు, దాని కిందే ఇంకొకడు అది పెడితే కొంప మునుగుతుందంటాడు, మూడోవాడు ఇద్దరికీ ధన్యవాదాలు చెప్తాడు. ఎవడిది నమ్మాలి? తెర మీద తెల్లక్షరాలు జలజలా పారేవి, ఉన్నట్టుండి ఆగిపోయేవి. బాబాయ్ నా వెనక నిలబడి, "ఏందిరా అదంతా? చదువుతున్నావా?" అనేవాడు. "చదువుతున్నా బాబాయ్" అనేవాణ్ణి. పది లైన్లలో ఒకటి అర్థమయ్యేది, అది కూడా 'ఎర్రర్' అనే మాట ఉన్న లైను.

అయినా మంగళవారం పొద్దున, ఎందుకో, ఎలాగో, కొరికిన పండు బొమ్మ వచ్చింది! దాని కింద సన్నటి గీత నిండుతూ నిండుతూ పోయి, తెర నిండా కొండల బొమ్మ విచ్చుకుంది. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. బాబాయ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. పిన్ని (బాబాయ్ భార్య, స్టూడియో వెనకే కాపురం) కొబ్బరికాయ పట్టుకొచ్చి, క్యాబినెట్టుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఒరేయ్, ఇది పడమర మొహాన కూచుందేందిరా? అన్నం పెట్టే మిషను తూర్పు చూడొద్దూ?" నాకు నవ్వొచ్చింది గానీ ఆ కొబ్బరి ముక్క నోట్లో ఉండగా కాదనలేకపోయాను. వైర్లన్నీ పీకాం. బల్లని పడమటి గోడకి జరిపి, క్యాబినెట్టు వీపు గోడకి ఆనించి, మొహం తూర్పుకి పెట్టాం. గోడ సందులోకి చెయ్యి దూర్చి, తడుముకుంటూ వైర్లన్నీ గుచ్చి, స్విచ్చేశాను. లోపల ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉంది.

అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. ఆ పొద్దునే బొమ్మ వచ్చాక, బ్రెజిల్ వాడెవడో చెప్పాడని ఒక ఫైల్లో ఒక్క లైను మార్చి ఉన్నాను. తప్పంతా దానిదేనని తీర్మానించుకున్నాను. కానీ ఆ లైను సరిచేయాలన్నా ముందు తెర కనపడాలి గదా! ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ పీకి, పది నిమిషాలు చేతిలో పట్టుకుని కూర్చుని, మళ్లీ పెట్టాను. క్యాబినెట్టుని కదల్చకుండా పక్క తలుపు మాత్రమే ఊడదీసేవాణ్ణి, పిన్ని పెట్టిన దిక్కు చెడకుండా. బుధవారం పోయింది, గురువారం పోయింది. నాకు అన్నం సహించలేదు. ఇంట్లో అమ్మ "ఉద్యోగం ఎట్టుంది నాయనా" అంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. గురువారం సాయంత్రం మాస్టారు వచ్చి, సంగతి చూసి, పల్లెత్తు మాటనకుండా క్యాబినెట్టు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఈ యంత్రములోని లోపము ఎక్కడున్నదో నీవెరుగుదువు. ఈ బిడ్డకు చూపించుము." నేను ఒక కన్ను తెరిచి తెర వైపు చూశాను. ఏమీ రాలేదు. పోతూ పోతూ ఆయన, "రేపు సాయంత్రం దాకా చూస్తాను బాబూ. ఆ పైన హార్డ్ డిస్కు ఇప్పించండి" అన్నారు. అంత మెత్తగా చెప్పిన మాట అంత గట్టిగా తగలడం నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నేను తల పట్టుకుని కూర్చుంటే పిన్ని మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. "మంగళారం పొద్దున బొమ్మ వచ్చింది గదా?" అంది. "వచ్చింది పిన్నీ." "ఆ తర్వాత మనం ఏం చేశాం? తూర్పుకి తిప్పాం. దానికి తూర్పు పడలేదేమోరా. కొందరికి పడదు." నేను ఇంజనీర్ని. ఆ మాటకి మండిపోయి, "వాస్తుకీ దీనికీ ఏం సంబంధం? ఇదుగో, తిప్పుతా, చూడు!" అని వైర్లన్నీ పీకి, బల్ల మళ్లీ నడిమధ్యకి లాగి, మొహం పడమరకి పెట్టి, అన్నీ గుచ్చి స్విచ్చేశాను. కొరికిన పండు వచ్చింది. గీత నిండింది. కొండలు వచ్చాయి. నేను నమ్మలేక, మళ్లీ బల్ల గోడకి జరిపి, తూర్పుకి తిప్పి, సందులో తడుముకుంటూ గుచ్చి చూశాను. చీకటి. పడమరకి తిప్పాను. వెలుగు. నాలుగేళ్ల చదువు నా కళ్లముందే కుప్పకూలింది. బాబాయ్ గడ్డం నిమురుకుని, "నీ మిషనుకి పడమర కలిసొచ్చిందిరా, ఇంక కదిలించమాక" అన్నాడు. పిన్ని కొంగు దోపుకుని లోపలికి వెళ్లి రెండో కొబ్బరికాయ తెచ్చింది. శనివారం చీకటి పడేలోపు వీడియో అయిపోయింది. ఆదివారం చర్చి హాల్లో పెళ్లికూతురు తండ్రి చెయ్యి వదిలే చోట అందరూ కళ్లు తుడుచుకున్నారట. నా ఉద్యోగం నిలబడింది.

ఆ తర్వాత సంగతి ఊరికి పాకింది. నాకు తెలిసి నరసరావుపేటలో రెండు స్టూడియోల వాళ్లూ, మాచర్లలో ఒకాయనా వాళ్ల కంప్యూటర్లని పడమరకి తిప్పుకున్నారు. ఏడాది తర్వాత దుమ్ము దులుపుతూ క్యాబినెట్టు వెనక్కి వంగినప్పుడు నాకు కనపడింది. మానిటర్ వైరు పట్టే చోట్లు రెండున్నాయి. పైన మదర్‌బోర్డుది, కింద గ్రాఫిక్స్ కార్డుది. పనిచేసేది కిందదే. నడిమధ్యలో ఉన్నప్పుడు తలుపు వెలుతురులో చూసి కిందదాంట్లో గుచ్చేవాణ్ణి. గోడకి ఆనించాక సందులో తడిమితే పైదే ముందు చేతికి తగిలేది. మూడు రోజుల నా ఏడుపంతా ఆ జానెడు ఎడంలో ఉంది. దులపడం ఆపేసి, గుడ్డ మడిచి, నోరు మూసుకుని కూర్చున్నాను.

ఈ మధ్య బాబాయ్‌ని చూడటానికి వెళ్లినప్పుడు వైరు సంగతీ, గుంటూరు అబద్ధమూ రెండూ ఒప్పుకున్నాను. వైరు సంగతి విని ఆయన వెనక గది వైపు చూసి, గొంతు తగ్గించి, "మీ పిన్నికి చెప్పమాక" అన్నాడు. గుంటూరు సంగతికి మాత్రం పగలబడి నవ్వాడు. "అది మొదటి రోజే తెలుసులేరా. ఖాళీ ఫ్లాష్ కొట్టీ కొట్టీ ముసలాణ్ణయినోడిని, ఇంకోడు కొడితే తెలీదా? నేను ఫొటోలు తీసిన మొదటి పెళ్లికి నేనూ అంతే, పది తీశానని చెప్పి పోయా." మరి ఎందుకు పని అప్పజెప్పావని అడిగాను. "టీ ఒలకబోసుకున్నావు గదరా. చెయ్యి వణికినోడు పని నేర్చుకుంటాడు. వణకనోడితోనే చానా ఇబ్బంది."

ఇప్పుడు నాకు చిలకలూరిపేటలోనే సొంత ఎడిటింగ్ గది ఉంది (అవును, అక్కడే). మామూలు కంప్యూటర్లో మ్యాక్ ఓఎస్ ఎక్కించే పాత దొడ్డిదారులు చాలావరకు మూసుకుపోయాయి, నాకూ ఓపిక లేదు, పోయిన నెల అసలైన మ్యాకే కొన్నాను. పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టగానే పని చేసింది. నాకు అర్థం కానిది ఒక్కటీ లేదు, అదేమిటో కొంచెం వెలితిగా అనిపించింది. సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. "కొత్త మిషను కొన్నావంట, ఏ మొహాన పెట్టావురా?" నేను బల్ల వైపు చూశాను. అది తూర్పుకి ఉంది. "పడమరకే పిన్నీ" అన్నాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి కొంచెం వణికింది. ఫోన్ పెట్టేసి, లేచి, బల్లని పడమరకి తిప్పాను.