తప్పు ఓవెన్‌దా, బ్రైనా గారిదా

జెలిగ్ బ్రెనర్‌కి కుదురు లేదు. చిన్నప్పుడు బడిలో బల్ల మీద కూర్చుని అతను కాళ్ళు ఊపుతుంటే పక్కవాళ్ళ పుస్తకాలు కింద పడేవి. "వీడికి గ్రంథాలు అబ్బవు, చేతికేదైనా పని చూపించండి" అని గురువు గారే తండ్రికి కబురు పెట్టారు. మేనమామ దగ్గర చేరి వాషింగ్ మెషీన్లు, ఓవెన్లు విప్పడం నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై దాటాయి, గడ్డం నెరిసింది, కాళ్ళు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. బ్రూక్లిన్‌లో మా పేటలో ఎవరింట్లో ఓవెన్ మొరాయించినా అతనికే ఫోను. శుక్రవారమైతే ఇక చెప్పనక్కర్లేదు. పొద్దు గుంకితే సబ్బాతు, మా యూదుల విశ్రాంతి దినం. మర్నాడు చీకటి పడేదాకా మీట నొక్కకూడదు, నిప్పు రాజేయకూడదు, ఫోను ముట్టకూడదు. మా ఓవెన్లకు మా మీద ఏం కక్షో గాని, వారమంతా బుద్ధిగా ఉండి శుక్రవారం నాడే చెడిపోతాయి.

ఆ చలికాలపు శుక్రవారం పిలిచినావిడ బ్రైనా రోత్ గారు. ఎనభై నిండిన మనిషి, భర్త పోయాక మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటోంది.

"ఏమైందమ్మా దీనికి?" అన్నాడు జెలిగ్, కోటు విప్పకుండానే.

"ఏమీ కాలేదు నాయనా, అదే నా ఖర్మ. చూడు, ఇప్పుడు పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. పోయిన వారం, అంతకు ముందు వారం, శుక్రవారం వెలిగించి పెడితే శనివారం మధ్యాహ్నానికి చల్లగా చచ్చి పడుంది. చోలెంట్ కుండ రాయిలా ఉంది. మా అబ్బాయి హేషెల్ ఏమన్నాడో తెలుసా? 'ఓవెన్ బాగానే ఉందమ్మా, నువ్వే మర్చిపోతున్నావు' అన్నాడు."

సబ్బాతునాడు వేడిగా తినాలంటే మాకున్న దారి చోలెంట్ ఒక్కటే. గింజలు, మాంసం, బంగాళదుంపలు కుండకెత్తి, శుక్రవారం పొద్దుండగానే సన్నసెగ మీద ఓవెన్‌లో వదిలేస్తాం. అయితే ఈ కాలపు ఓవెన్లకు తెలివెక్కువ. ఇంటివాళ్ళు మర్చిపోయారనుకుని సగం రోజుకి వాటంతటవే ఆరిపోతాయి. అలా ఆరకుండా ఉండాలంటే వేడి పెట్టే మీటని కాసేపు నొక్కి పట్టుకోవాలి. తెర మీద సబ్బాతు గుర్తు పడితే ఇక అది మన జోలికి రాదు. తల్లి ఆ మీట నొక్కడం మర్చిపోతోందని హేషెల్ నమ్మకం. రెండు వీధుల అవతల తన ఇంటి కింది గదికి రంగులు కూడా వేయించి ఉంచాడు. ఈ శనివారం భార్యతో భోజనానికి వస్తాననీ, కుండ మళ్ళీ చల్లగా ఉంటే వంటిల్లు మూసేసి తమతో వచ్చేయాలనీ తేల్చి చెప్పాడు.

"కింది గదిలో నాకు పొయ్యి ఉండదు. కోడలు పెట్టింది తిని గోడవైపు చూస్తూ కూర్చోవాలి. తప్పు నాదైతే నాదని చెప్పు, ఓర్చుకుంటాను. కానీ చూసి చెప్పు" అంది బ్రైనా గారు.

జెలిగ్ మెయిన్ ఆపి, ఓవెన్‌ని ముందుకు లాగి, వెనక రేకు విప్పాడు. వేడిని కొలిచే తీగకి మీటరు పెట్టాడు, బాగుంది. కింది ఎలిమెంటు బాగుంది, పైది బాగుంది. వైర్లు ఎక్కడా వదులు లేవు. ఇక మిగిలింది కంట్రోల్ బోర్డు. చల్లగా ఉన్నప్పుడు అదీ చక్కగానే పలుకుతోంది. కాబట్టి రేకు తెరిచే ఉంచి, మెయిన్ వేసి, ఓవెన్‌ని బాగా వేడెక్కించి కాపు కాయాల్సిందే. పనిచేస్తున్నదాన్ని చూస్తూ ఊరికే నిలబడటం జెలిగ్ వల్ల అయ్యే పని కాదు. కిటికీ దాకా నడిచాడు, తలుపు దాకా నడిచాడు, కుళాయి బిగించాడు, అడగకుండానే అల్మరా తలుపు సరిచేశాడు.

"కూర్చో నాయనా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంటుండగానే వెనక టిక్కుమని చప్పుడైంది. తెర నల్లబడింది. ఎలిమెంటు ఎరుపు చల్లారింది.

"ఆగింది!" అని అరిచారు ఇద్దరూ, లాటరీ తగిలినట్టు.

మెయిన్ మళ్ళీ ఆపి, కాస్త చల్లారనిచ్చి, బోర్డు ఊడదీసి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. కరెంటుని కలిపి విడదీసే ఒక రిలే కింద టంకం మాడి, చుట్టూ వెంట్రుకంత పగులు. వేడెక్కితే అతుకు విడిపోతోంది, చల్లారితే మళ్ళీ కలుస్తోంది. బ్రైనా గారు కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా మతి పోయిందని నా కొడుకు చేత అనిపించింది ఇదా? దీన్ని పారేయకు. ఆ బల్ల మీద పెట్టు. రేపు ముట్టుకోకూడదు గాని, వాడు కళ్ళతో చూడొచ్చుగా" అంది.

విడిభాగాల కొట్టు షట్టరు సగం దించేస్తుండగా జెలిగ్ దాని కింది నుంచి దూరి కొత్త బోర్డు తెచ్చాడు. వీధులన్నీ కార్లతో బిగుసుకుపోయి ఉన్నాయి, అందరికీ ఇల్లు చేరాలనే తొందరే. ముందే ఫోనులో తీసుకున్న ఫొటో చూస్తూ ఒక్కో వైరు దాని చోట గుచ్చి, మరలు బిగించి, మెయిన్ వేశాడు. తెర వెలిగింది. ఎలిమెంటు ఎర్రబడింది. కిటికీలో మాత్రం వెలుతురు పలచబడిపోతోంది.

"నువ్వు వెళ్ళి బట్టలు మార్చుకో అమ్మా. దేన్నీ ముట్టుకోకు, అన్నీ నేనే పెట్టేస్తాను" అన్నాడు. ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళింది.

సన్నసెగ పెట్టాడు. కుండ లోపల పెట్టాడు. అంతలో సబ్బాతు దగ్గరపడిందని, ఆడవాళ్ళు కొవ్వొత్తులు వెలిగించి దాన్ని మొదలుపెట్టాలని పేటంతా సైరన్ మోగింది. జెలిగ్ సంచీ లాక్కుని గబగబా మెట్లు దిగాడు.

స్నానం, ప్రార్థన అయ్యాక బల్ల ముందు కూర్చుని సూప్ నోట్లో పెట్టుకోబోతుంటే చెంచా మధ్యలోనే ఆగిపోయింది.

"ఏం, ఉప్పు చాల్లేదా?" అంది భార్య పెస్సా.

"నొక్కలేదు."

"ఏం నొక్కలేదు?"

"సబ్బాతు మీట. బ్రైనా గారింట్లో. సెగ పెట్టి పరిగెత్తుకొచ్చేశాను."

ఫోను చేయడానికి లేదు. నడిచి వెళ్ళినా అతను నొక్కకూడదు, ఇంకొకరి చేత నొక్కించకూడదు. కొత్త బోర్డు బుద్ధిగా తెల్లారేలోగా ఓవెన్‌ని ఆర్పేస్తుంది. మాడిన పాత బోర్డే ఉండి ఉంటే నింద దాని మీద వేయడానికైనా ఉండేది. ఇప్పుడు బోర్డు కొత్తది, కుండ చల్లనిది. హేషెల్ ఇంకేమనుకుంటాడు? జెలిగ్ లేచి బల్ల చుట్టూ తిరిగాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఆ ముసలావిడని నిలువునా ముంచింది తనే.

"ఇల్లంతా అరగదీస్తే ఓవెన్ ఆరకుండా ఉంటుందా?" అంది పెస్సా. "రేపు భోజనం వేళకి వెళ్ళి, తప్పు నాది అని వాళ్ళబ్బాయి ముందు చెప్పు. పెళ్ళైన దగ్గర్నుంచి నీ నోట ఆ మాట నేను వినలేదు, కనీసం వాళ్ళైనా వింటారు."

"ఆ మాట చెబితే ఇక ఎవరు పిలుస్తారే నన్ను?"

"పిలవకపోతే కూర్చో. ఒక్కసారి కూర్చుంటే చూడాలని ఉంది నాకు."

మర్నాడు ప్రార్థనలో పేజీలు తిరిగాయి గాని అతని కంటికి అక్షరం ఆనలేదు. చివరి ఆమెన్ అనీ అనకుండానే బయటపడ్డాడు. సబ్బాతునాడు పరిగెత్తకూడదు కనుక పరుగు కాని పరుగుతో వెళ్ళి మూడంతస్తులు ఎక్కాడు. తలుపు తీసే ఉంది. హేషెల్, అతని భార్య బల్ల ముందు కూర్చుని ఉన్నారు. మాడిన బోర్డు వాళ్ళ ఎదురుగా ఉంది.

"హేషెల్ గారూ, కుండ మూత తీయకముందే ఒక మాట వినండి" అన్నాడు జెలిగ్ గుమ్మంలోనే, ఆయాసపడుతూ. "చోలెంట్ చల్లగా ఉంటుంది. తప్పు మీ అమ్మగారిది కాదు. అన్నీ నేనే పెడతానని ఆవిణ్ణి పక్కకు పంపి, ఆ మీట నొక్కడం నేనే మర్చిపోయాను. ఆవిడ బుర్రకి ఏ లోటూ లేదు. తిట్టాలంటే నన్ను తిట్టండి."

బ్రైనా గారు వంటింట్లోకి వెళ్ళి, రెండు గుడ్డలతో కుండ పట్టుకొచ్చి బల్ల మీద దించి మూత తీసింది. పొగలు గుప్పున లేచి జెలిగ్ కళ్ళద్దాలను కమ్మేశాయి.

"నువ్వు మెట్లు దిగుతుండగానే చూశాను. తెర మీద గుర్తు లేదు. కొవ్వొత్తులు ఇంకా వెలిగించలేదు గనుక నేనే నొక్కాను" అంది ఆవిడ, గరిటె తిప్పుతూ. జెలిగ్ అద్దాలు తీసి తుడుచుకుంటూ గోడకి ఆనుకున్నాడు.

ఆవిడ అతనికి కుర్చీ లాగింది, నిండుగా వడ్డించింది, ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు రంగులు వేయించిన ఆ కింది గది ఖాళీగా ఎందుకురా హేషెల్? ఇదిగో, మర్చిపోయే మనిషి దొరికాడుగా, ఇతన్ని తీసుకెళ్ళు."