సామేలు మాస్టారి ఆంపుకు నేను కట్టిన ధర

పలాసలో మా గోదాములో జీడిపప్పు గుండ్లూ బద్దలూ వేరు చేయిస్తున్న వేళ ఆ దుర్వార్త చెవిన పడింది. సామేలు మాస్టారు ప్రభువునందు నిద్రించారని ఆయన సతీమణి మార్తమ్మగారే ఫోను చేసి చెప్పారు. చేతిలోని జల్లెడ జారిపోయింది, పప్పంతా నేలపాలైంది. మూడేళ్లుగా ఆయన వారానికి రెండుసార్లు డయాలిసిస్ మంచం ఎక్కుతున్నారని తెలియనివాణ్ణి కాను. ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఆ కిడ్నీ రోగం కొత్తదీ కాదు. అయినా ఆయన పోతారని మాత్రం నేను ఏనాడూ అనుకోలేదు. ఎందుకనుకోలేదో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆయన్ని ఎరగనివారికి ఆయనెవరో చెప్పాలి. టెక్కలి దగ్గర మా చిన్న క్రైస్తవ సంఘంలో ముప్పై ఏళ్లకు పైగా ఆరాధనలో బేస్ గిటారు వాయించిన నాదోపాసకుడు. బడిపంతులు కారు. మాబోటి మొద్దులకు లావు తీగల మీద వేలు పెట్టడం నేర్పారు గనక మాస్టారయ్యారు. ఇటు టెక్కలి నుంచి అటు ఇచ్ఛాపురం దాకా ఎవరికైనా వాడిన బేస్ ఆంపు, అంటే గిటారు మోతను పెంచే స్పీకరు పెట్టె, అమ్మాలని బుద్ధి పుడితే ముందు ఆయన గడప తొక్కవలసిందే. అమ్మాలా వద్దా, అమ్మితే ఎంతకు అన్న రెండు ప్రశ్నలకూ అక్కడే జవాబు దొరికేది. అందుకు ఆయన పుచ్చుకున్నది ఒక గ్లాసుడు టీ. అదీ మార్తమ్మగారు పెట్టిందే.

జ్ఞాపకార్థ కూడిక ముగిసి జనం లేచిపోయాక మార్తమ్మగారు నన్ను ఆగమన్నారు. గది మూలన మాస్టారి ఆంపు ఉంది. నడుమెత్తు నల్లటి పెట్టె, పైన తెల్లటి దుప్పటి కప్పి ఉంది.

“బాబూ, ఈ పెట్టిని అమ్మీద్దాం. నానో కుట్టు మిషను కొనుక్కోవాల. నువ్వే దర కట్టు. ఆయనెలా కడతారో అలాగే కట్టాల.”

సరేనని తలూపాను గాని నాకో చిక్కుంది. ఆ ఆంపును నేనే కొనుక్కుందామని ఆశపడి వచ్చాను. చొక్కా జేబులో ఇరవై వేలు పెట్టుకుని మరీ వచ్చాను. మాస్టారు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. “దర కట్టినోడు కొనకూడదురా. కొనాలని మనసున్నోడికి సెవులు సరిగ్గా పన్సెయ్యవు” అనేవారు. ధర కడితే ఆంపు నాది కాదు. కట్టనంటే ఆ ఇల్లాలికి న్యాయమైన ధర చెప్పే దిక్కు మరొకరు లేరు.

ఆయన ధర కట్టే వైనం చూసినవాళ్లు ధన్యులు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఆంపు వెనక చెక్కకు అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకునేవారు. తెచ్చినవాణ్ణి అన్నిటికంటే లావు తీగను మెల్లగా మీటమనేవారు. ఆ మంద్రధ్వని ఆయన చేతిలోంచి లోపలికి పోతున్నట్టు మాకు కనిపించేది. హరిశ్చంద్రపురం నుంచి వచ్చిన ఒక ఆంపులో ఏ దోషమూ లేదని మేమంతా తేల్చేశాం. మాస్టారు మాత్రం, “ఇది ఉప్పునీళ్లలో మునిగిందిరా. ఎండబెట్టీసి తెచ్చినారు” అన్నారు. తెచ్చినవాడి మొహం మాడిపోయింది. వెనక చెక్క విప్పి చూస్తే మరమేకుల చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. ఆ చెయ్యి ఎలాంటి చెయ్యో నాకు ఈ జన్మకు అంతుపట్టదు.

వచ్చినవాడిచేత అమ్మించెయ్యాలన్న తొందర ఆయనకు ఉండేది కాదు. “ఇంటికెల్లి వారం దినాలు వాయించు. అప్పటికీ అమ్మాలనిపిత్తే రా, దర సెప్తాను” అని పంపేసేవారు. సగం మంది మళ్లీ వచ్చేవారు కారు. వాళ్లు ఇప్పటికీ ఊరూరా ఆదివారాలు వాయిస్తూనే ఉన్నారు. కష్టంలో ఉండి అమ్ముకునేవాణ్ణి మాత్రం వారం ఆపేవారు కాదు. ఆ సాయంత్రానికే కొనేవాణ్ణి తానే వెతికిపెట్టేవారు.

నా బండారమూ చెప్పుకోవాలి. నేను జీడిపప్పు వ్యాపారిని. పైన గుండ్లు పోసి అడుగున బద్దలు కప్పెట్టే విద్య మా బజారులో అందరికీ వచ్చినదే. ఆ తెలివితోనే నా పాత ఆంపు కాశీబుగ్గ కుర్రాడొకడికి అంటగట్టాను. పావుగంట వాయిస్తే రొద పెడుతుందన్న సంగతి చెప్పలేదు. మాస్టారికి తెలిసి నన్ను ఆటో ఎక్కించి వాడింటికి తీసుకుపోయారు. వాళ్లమ్మ ఎదుట, “సెప్పరా, నీ పెట్టికి ఏటేటి రోగాలున్నాయో ఒక్కోటీ సెప్పు” అన్నారు. చెప్పాను. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. ఆ రోజు నుంచి నా గోదాములో గుండ్లు గుండ్లే, బద్దలు బద్దలే. బజారులో నన్ను వెర్రివాడి కింద జమకట్టారు, కట్టనీ.

అంతటి మహానుభావుడూ ఒకసారి పొరపడ్డారు. తుపాను నాడు సోంపేట వైపు సంఘం ఒకటి తమ ఆంపు తడిసిపోయిందని మొరపెట్టుకుంది. మాస్టారు దాన్ని నా దగ్గరకు తెచ్చి, పప్పు ఆరబెట్టే వేడి గదిలో ఒక పూట ఉంచమన్నారు. పప్పు పొర ఊడడానికి పెట్టే వేడి స్పీకరు జిగురుకు పనికిరాదన్న ఆలోచన ఇద్దరికీ తట్టలేదు. జీడి ఊళ్లో పుట్టినవాళ్లకు తడి ఆరబెట్టాలంటే ఆ గదే గుర్తొస్తుంది మరి. తలుపు తీసేసరికి స్పీకరులోని కాగితపు కోను ఊడి వేలాడుతోంది, ఓ మూల చెక్క ఉబ్బిపోయింది. “తప్పు గదిది కాదురా, నాది” అని, ఆ సంఘానికి కొత్త ఆంపు కొనిపెట్టి, పాడైనదాన్ని తానుంచుకున్నారు. కోను తన చేత్తో అతికించుకుని, చివరి ఆదివారం దాకా దాని మీదే వాయించారు.

ఆ పెట్టే ఇప్పుడు మూలన ఉన్నది. జబ్బు ముదిరినప్పుడు ఆయన రెండుసార్లు దాన్ని అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు రాగానే అతికించిన కోను దగ్గర మొదలుపెట్టి దాని దోషాలన్నీ ఏకరువు పెట్టేవారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే లేచిపోయేవారు. “అమ్ముతన్నావా, జడిపిత్తన్నావా?” అని మార్తమ్మగారు కేకలేస్తే పసిపిల్లాడిలా నవ్వేవారు.

మొన్న శనివారం ఉద్దానం ఊరొకదాని సంఘం తరఫున కరుణ అనే అమ్మాయి పెట్టె చూడడానికి మార్తమ్మగారింటికి వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొర తీసే పని చేస్తుంది, ఆరాధనలో బేస్ వాయిస్తుంది.

“ఎంతైనా ఇత్తాం అన్నా. సామేలు మాస్టారి పెట్టి గదా,” అంది.

ఆ మాటతో నేను ముప్పై వేలన్నా తెచ్చి చేతిలో పెట్టేవాళ్లే. పెట్టెకే గాని పేరుకు వెల కట్టకూడదని నేర్పినవాడి ఇంట్లో ఆ పాపం ఎలా చెయ్యను? కరుణను వాయించమన్నాను. నేల మీద కూర్చుని వెనక చెక్కకు చెయ్యి ఆనించాను. కిటికీ ఊచలు సన్నగా మోగాయి. మార్తమ్మగారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. నా చేతికి చెక్క అదురు తెలిసింది, అంతకు మించి ఏమీ తెలియలేదు.

తెలిసిన దోషాలే చెప్పుకొచ్చాను. కోను అతికించినది. మూల చెక్క ఉబ్బింది. శబ్దం సరిచేసే మూడో బిరడా తిప్పితే గరగరమంటుంది. ఎండాకాలం గంట దాటితే వేడెక్కుతుంది.

“ఇంకోటుంది,” అన్నారు మార్తమ్మగారు. వంగి పెట్టె కింది అంచు చూపించారు. “వాయించినప్పుడల్లా ఆయన పాదం ఇక్కడే ఆనించీవోరు. అరిగిపోనాది సూడు. అదీ సెప్పాల.”

బొటనవేలంత మేర నల్లరంగు పోయి లోపలి చెక్క నున్నగా తేలి ఉంది. దాని మీద వేలు పెట్టి చూశాను.

“పదిహేను వేలు అనుకున్నాను,” అన్నాను. “అంచు అరిగింది గనక ఐదొందలు తగ్గించాలి. పద్నాలుగున్నర.”

బేరమాడలేదెవరూ. ఆటోలో ఆంపు వెళ్లిపోయింది. మార్తమ్మగారి ఇంట్లో ఇప్పుడు కుట్టు మిషను ఆడుతోంది. మా ప్రాంతంలో బేస్ వాయించేవాళ్లకు కొదవ లేదు. ఆంపు బాగుచేసేవాళ్లు పలాసలోనే నలుగురున్నారు. ఆ చెయ్యి, ఆ సత్యసంధత ఇక రావు. ఆయన చరణారవిందాలకు సహస్ర వందనాలు.

మాస్టారూ, మీ పాదం అరగదీసిన చెక్కకు ఐదు వందలు తగ్గించాను. ఎక్కువ తగ్గించానా, తక్కువా, అసలు తగ్గించవలసిందే కాదా? ఎవర్ని అడగను?