నల్లగా పడ్డ తోట

తలాస్ నీటిపారుదల ఆఫీసులో ఇమాన్‌కుల్‌ది పాతికేళ్ల సర్వీసు. చేసిన పని తక్కువ, పెట్టిన సంతకాలు ఎక్కువ. యాభయ్యో ఏట ఆయనకు ఫొటోల పిచ్చి పట్టింది. అదీ మామూలు పిచ్చి కాదు. రాజధాని బిష్కెక్‌లో ఒక మెకానిక్ చేత కెమెరా విప్పించి, లోపలి గాజుపలక పీకించి, కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టేలా మార్పించుకున్నాడు. అందులో ఆకాశం నల్లగా, బతికున్న ఆకు తెల్లగా పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండే దానికి అనువు కనుక, ఆఫీసు వేళల్లోనే కొండలు పట్టుకు తిరిగేవాడు. టీ దుకాణాల్లో, చివరికి చావు ఇళ్లలో కూడా, మీకెవరికీ కనపడనిది నాకు కనపడుతుందని జనాన్ని వేపుకు తినేవాడు.

ఊరి చివర ప్రభుత్వం నాటించిన రెండు వందల ఆప్రికాట్ మొక్కలు మాత్రం ఆయన కంటికి ఆనలేదు. తోటమాలి తుర్దుకాన్ కాలువ వదలమని ఏప్రిల్ నుంచీ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఈయన నీళ్లు ఇచ్చినట్టూ, మొక్కలన్నీ బతికే ఉన్నట్టూ కాగితం రాసి సంతకం పెట్టాడు. జూన్‌లో రాజధాని నుంచి తనిఖీ వస్తోందనగానే, ఆఫీసువాళ్లు మాడిపోయిన ఆకులకు పచ్చటి నూనెరంగు కొట్టించారు. తనిఖీవాళ్లు కారు దిగకుండానే మెచ్చుకుని వెళ్లారు. ఆ రోజు ఎండ బాగుందని ఇమాన్‌కుల్ అక్కడే ఒక ఫొటో తీసుకున్నాడు.

నెల తిరక్కుండా సాంస్కృతిక భవనంలో ఆయన ఫొటోల ప్రదర్శన. జిల్లా పెద్ద అకీం గారే ప్రారంభించడానికి వచ్చారు. ఆయన మెచ్చితే డైరెక్టరు కుర్చీ తనదేనని ఇమాన్‌కుల్ ఆశ. కొత్త కల్పక్ టోపీ పెట్టుకుని, ఆకు తెల్లగా పడితే ప్రాణమున్నట్టు, నల్లగా పడితే పైకి ఎంత పచ్చగా ఉన్నా లేనట్టు అని గంటసేపు పాఠం చెప్పాడు. మధ్యలో అన్నిటికన్నా పెద్ద ఫొటో. వెనక కొండవాలు పాలలా తెల్లగా, ముందు బారులు తీరి బొగ్గులాంటి మొక్కలు. ఆ పొందిక చూసుకుని వారం రోజులు మురిసిపోయాడు గానీ, ఆ నలుపేమిటని ఒక్కసారీ ఆలోచించలేదు.

తుర్దుకాన్ దగ్గరికొచ్చి చూసి, అన్నా అన్నట్టు బైకే అని ఇమాన్‌కుల్‌ని పిలిచింది.

"బైకే, ఇది మన తోటే కదా. మరి అన్నీ నల్లగా ఉన్నాయేం?"

అకీం గారు ఫొటో వంక చూసి, ఇమాన్‌కుల్ వంక చూశారు. మొక్కలన్నీ బతికే ఉన్నాయన్న ఆ కాగితం మీద ఇమాన్‌కుల్ సంతకం కింద అకీం గారి సంతకమూ ఉంది.

ఫొటో నిజమైతే కాగితం అబద్ధం.

"కెమెరా పాడైందండీ. ఈ ఫొటోలేవీ నమ్మడానికి లేదు," అన్నాడు ఇమాన్‌కుల్.

ఇరవై ఫొటోలనూ తన చేత్తోనే దింపాడు. చూసినవాళ్లకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

"అయితే మొక్కలు బతికే ఉన్నాయన్నమాట," అంది తుర్దుకాన్, అకీం గారికి వినపడేలా. "బతికున్నవాటికి నీళ్లు కావాలి కదా బైకే. రేపు పొద్దున్నే కాలువ వదలండి."

కాదంటే కాగితం అబద్ధమని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. వారానికి రెండుసార్లు ఇమాన్‌కులే దగ్గరుండి నీళ్లు పెట్టించాలని అకీం గారు అప్పటికప్పుడు ఆర్డరు వేశారు.

జూలై అంతా, ఆగస్టు అంతా, ఫొటోలకు పనికొచ్చే మండుటెండలో, ఇమాన్‌కుల్ పార భుజాన వేసుకుని రంగు పెచ్చులూడుతున్న ఆ పుల్లలకు నీళ్లు కట్టాడు. ఆ వేసవిలో తలాస్‌లో బతికున్న ఏ చెట్టుకూ అన్ని నీళ్లు అందలేదు.